పై తోట వంతు నీళ్ళు

నా చెల్లెలు నొస్రత్ సంచి నేనే సర్దాను. అది గడప మీద కూర్చుని నోరు మూసుకున్న పిస్తాలను రాతితో కొడుతూ, నా వైపు తిరగకుండానే, ఉన్ని మేజోళ్ళు అడుగున పెట్టొద్దని చెప్పింది. పెట్టినవి తీసి పైన పెట్టాను. ఖర్జూరం కూరి కాల్చిన కొలొంపే రొట్టెలు గుడ్డలో మూటకట్టాను. జీలకర్ర పొట్లం, గోరింటాకు పొడి, వేయించిన గింజలు దంచిన ఖావూత్ పొడి డబ్బా. డబ్బా మూత దారిలో ఊడుతుందేమోనని తాడు చుట్టాను. తాడు గట్టిగా ఉందో లేదోనని విప్పి మళ్ళీ చుట్టాను.

అది బయల్దేరేది ఆ రోజు కాదు. అసలు బయల్దేరాలో అక్కర్లేదో కూడా తేలలేదు. వసంతపు నౌరూజ్ పండగ వెళ్ళి, ఎండలు మొదలయ్యేలోగా ఇంట్లో మగవాళ్ళు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. కానీ జరగబోయేదేదో తెలియనప్పుడు నేను చేతులు ముడుచుకుని కూర్చోలేను. వెళ్ళాల్సి వస్తే హడావిడిలో ఏదో ఒకటి మర్చిపోతారు. అందుకని ముందే సర్దాను.

"నన్ను పంపెయ్యడానికి నాకంటే నీకే తొందరగా ఉందక్కా" అంది నొస్రత్.

నేను సంచి మూతి కట్టకుండా గోడవారగా పెట్టాను.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం జరంద్ వైపు నుంచి ఈ ఊరికి ఒకే ఏడు కోడళ్ళుగా వచ్చాం. నన్ను పెద్దవాడు అమానుల్లాకిచ్చారు, దాన్ని చిన్నవాడు ఖుద్రత్‌కిచ్చారు. రెండిళ్ళకూ మధ్య గోడ ఉంది, గోడలో తలుపు ఉంది, ఆ తలుపుకి గడియ పెట్టాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. నా కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళై దూరం వెళ్ళిపోయారు. నొస్రత్‌కి పిల్లల్లేరు. చదవడం నేను పెద్దయ్యాక, సామాన్లు చుట్టి వచ్చిన పేపర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అది నేర్చుకోలేదు. సాయంత్రం టీ కాగే సమోవార్ పక్కన నేను పేపరు పైకి చదువుతుంటే అది పిస్తా వలుస్తూ వినేది. చావు కబుర్లొస్తే దాటవెయ్యమనేది. నేను దాటవేసేదాన్ని. ఇంట్లో అది లేకపోతే ఆ చదువు ఎవరికి చదవాలో నాకు తెలియదు.

ఇళ్ళ వెనక దారికి అటూ ఇటూ రెండు తోటలు. కొండవైపు ఉన్న పై తోట మాది. పల్లంలో ఉన్న కింది తోట వాళ్ళది. రెండూ మా మావగారు ఒకే ఏడు గింజ వేసి పెంచినవే. మొలిచాక రెండింటికీ ఒకే చెయ్యి, ఒకే రకం అంటు కట్టింది. పొట్టేలు తల అంటామే, ఆ పెద్ద కాయ రకం. అయినా కింది తోట ఎప్పుడూ ముందుండేది. మొదళ్ళు లావు, కొమ్మలు నిండుగా, కాయ గుత్తులు గుత్తులుగా. మా చెట్లు మాత్రం బక్కగా, ముఖం ముడుచుకున్నట్టు ఉండేవి. కోతల్లో ఖుద్రత్ మా గట్టు మీద నిలబడి, "అన్నా, నీ చెట్లు ఉపవాసాలేమైనా చేస్తున్నాయా" అని అడిగేవాడు. మా ఆయన నవ్వేవాడు కాదు. నాన్న మంచి నేల చిన్నవాడికిచ్చాడని ఆయన మనసులో ఉండేది. పైకి ఒక్కసారి కూడా అనలేదు. పక్కలో పడుకునేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఆ చలికాలంలో బోరు అడుగంటింది. అంతకుముందే నాలుగైదుసార్లు గొట్టాలు దించారు. దించినకొద్దీ నీళ్ళు ఉప్పెక్కాయి, వంతుకీ వంతుకీ మధ్య ఎడం పెరిగింది. ఇక దించడానికి లేదని బోరు వాటాదారులంతా కూర్చుని ప్రతి ఇంటి వాటా సగం చేశారు. మా ఇంటి వాటా రెండు తోటలకీ కలిపే ఉంది. సగమైన వాటాని రెండుగా చీలిస్తే తడి పైపైన నేలని నాకి పోతుంది, ఏ వేరుకీ అందదు. అంటే ఒక తోటకే నీళ్ళు.

అప్పుడే దాంగాన్ నుంచి ఖుద్రత్‌కి కబురొచ్చింది. అక్కడ ఎవరో ఆసామి కొత్తగా పిస్తా తోట వేస్తున్నాడు, అంటు కట్టే చెయ్యి కావాలి, ఉండటానికి ఇల్లు కూడా ఇస్తానన్నాడు. ఎడారికి అవతలి అంచు. బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ. కింది తోట ఎండబెడితే ఇక్కడ కంచెకి కాపలా కాయాలా అని ఖుద్రత్ అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నేను లోపలికెళ్ళి సంచి వెతికాను.

ఏ తోట ఉంచాలన్న వాదన మా అత్తగారు గోహర్ బీబీ సమక్షంలో రోజూ సాగేది. బీబీకి చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. కింది తోట కాస్తుంది కాబట్టి అదే ఉంచాలని ఒకరోజు అనేది. పెద్దకొడుకు తోట ఎండబెడితే ఊరు నవ్వుతుందని మర్నాడు అనేది. ఒకరోజు చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని టీ తాగుతూ, మీ నాన్న ఆ ఏడు రెండు సంచుల గింజలు తెచ్చాడని చెప్పింది. ఒకటి కొండల్లో వాటంతట అవే పెరిగే, పిస్తా జాతి బనే చెట్ల కింద ఏరుకొచ్చినవి. రెండోది సరఖ్స్ వైపు నుంచి వచ్చిన లారీ ఆయన ఇచ్చినవి, అక్కడి అడవి పిస్తా. ఏది ఎక్కడ వేశాడో తనకి తెలియదు. అప్పుడు ఖుద్రత్‌ని కని మంచం మీద ఉంది.

అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంటు అతుక్కున్నాక పైనంతా ఒకటే చెట్టు. మొదట్లో బెరడు చూసి పోల్చుకుందామంటే, ఏళ్ళ తరబడి తడికోసం మట్టి ఎగదోసీ ఎగదోసీ అతుకు ఎప్పుడో పూడిపోయింది. కింద ఉన్న వేరు ఏదో చెప్పాలంటే వేరునే అడగాలి. వేరు నోరు విప్పేది పిలకల్లోనే. అతుకు కిందినుంచి వచ్చే పిలకకి అంటు ఆకు రాదు, తన ఆకే వస్తుంది. కానీ మా ఊళ్ళో పిలకని ఎవరూ ఆకు వేసేదాకా బతకనివ్వరు. వసంతం రాగానే మోకాళ్ళ మీద పాకుతూ గిల్లేస్తారు. తోటలో పిలకలు కనిపించడమంటే పొయ్యి ఊడవని ఇల్లాలి కింద లెక్క.

ఆ వసంతంలో రెండు తోటల్లోనూ పిలకలు వదిలేశారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. అన్నదమ్ములు పిస్తా మానేసి మేకల మేత పెంచుతున్నారా అని ఒకాయన అడిగాడు. "మీ మావగారు ఉంటే పిలకలతో పాటు నన్ను కూడా కోసేసేవాడు" అని బీబీ మురిసిపోయింది. నేను మాత్రం పొద్దున్నే వెళ్ళి మా చెట్ల మొదళ్ళు చూసి వచ్చేదాన్ని. ఏ ఆకు వస్తే నొస్రత్ ఉంటుందో, ఏది వస్తే వెళుతుందో నాకు తెలియలేదు. అయినా చూసేదాన్ని.

ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక ఒక మధ్యాహ్నం ఖుద్రత్ రెండు రెమ్మలు తెంపుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. కింది తోటది మూడేసి గుండ్రటి ఆకుల రెమ్మ. మా తోటది సన్నటి ఆకులు, ఒక్కో ఈనెకి ఏడెనిమిది, లేత చివర్లు ఎర్రగా. బీబీ చూడలేదు. రెండోదాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది కొండది. చిన్నప్పుడు దీని జిగురే నమిలేదాన్ని" అంది.

మా ఆయన లేచి తోటకి వెళ్ళాడు. నేను గోడమీంచి చూశాను. మొదటి వరస చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని మొదట్లో మట్టి చేత్తో తీస్తున్నాడు. అతుకు కనిపించేదాకా తీసి, మళ్ళీ కప్పేశాడు. అంతకాలం నేలని తప్పుపట్టాడు. నేల రెండుచోట్లా ఒకటే. కొండ వేరు నెమ్మదిగా పెరుగుతుంది, కాపు తక్కువ, లోతుకి పోతుంది, దాహానికి ఓర్చుకుంటుంది. సరఖ్స్ వేరు నీళ్ళున్నంతకాలం రాజాలా బతుకుతుంది.

ఆయన తిరిగొచ్చాక ఖుద్రత్ అన్నాడు, ఇక మాట్లాడేదేముందని. నీ వేరు తక్కువ నీటితో నెట్టుకొస్తుంది, కాబట్టి ఉన్న నీళ్ళు దానికివ్వడమే తెలివైన పని, నాది తాగినా ఎన్నాళ్ళుంటుందో అన్నాడు. బీబీ ఒప్పుకోలేదు. ఓర్చుకునేదానికి నీళ్ళెందుకు, ఓర్చుకోలేనిదానికి కదా పొయ్యాలి అంది. ఇద్దరి మాటా నిజమే. నాకు ఖుద్రత్ మాట నిజమనిపించింది, బీబీ మాట కావాలనిపించింది. నొస్రత్ టీ గ్లాసులు కడుగుతోంది. కడిగినవే కడుగుతోంది. మా ఆయన్ని ఎలా అడగాలో నేను చాలా రోజులుగా మాటలు పేర్చుకుని ఉంచుకున్నాను. ఇప్పుడు అడగాలని నోరు తెరిచాను.

"ఈ ఏడు మొత్తం నీళ్ళు కిందికే వదులు. నాది ఊరుకుంటుంది" అన్నాడు మా ఆయన.

నా మాటలు నాలోనే ఉండిపోయాయి. ఖుద్రత్ కాదనబోయాడు. మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం నేను సంచి విప్పేశాను. మేజోళ్ళు పెట్టెలో పెట్టాను. కొలొంపేలు గట్టిపడ్డాయి, టీలో ముంచుకుని తిన్నాం. నొస్రత్ పేపరు తెమ్మంది. తెచ్చి చదివాను. ఏం చదివానో గుర్తులేదు.

తడి వంతు మిట్టమధ్యాహ్నం వచ్చింది. కాలవలో నీళ్ళు చీలే చోట మా ఆయన పార పట్టుకుని నిలబడి, పై తోట మడవని తనే మూశాడు. మట్టి వేసి కాలితో తొక్కాడు. ఇంకా వేసి ఇంకా తొక్కాడు. ఖుద్రత్ అవతల తలవంచుకుని కింది మడవ తెరిచాడు. నీళ్ళు తెల్లటి అంచుతో పల్లానికి పారాయి. ఆరిన చోటల్లా ఉప్పు మిగిలింది.

ఎండలు ముదిరాక మా చెట్ల ఆకులు చిన్నవైపోయి రంగు వెలిశాయి. కానీ రాలలేదు. కింది తోట మొదట పచ్చగానే ఉంది. తర్వాత ఆకుల అంచులు సెగ తగిలిన కాగితంలా కాలాయి. నీళ్ళు తాగేకొద్దీ ఉప్పు కూడా తాగింది. మూడో తడి అయ్యాక మొదళ్ళ దగ్గర జిగురు కారడం మొదలైంది. ఖుద్రత్ కత్తితో బెరడు గీకి మైలుతుత్తం పూశాడు. ఒక చెట్టుకి పూస్తుంటే పక్క చెట్టుకి కారేది. కాయలో పప్పు నిండే నెలలో గుత్తులు పచ్చివే రాలాయి. పొద్దున్నే నొస్రత్ చీపురు చప్పుడు గోడ ఇవతలికి వినిపించేది. కాయల్ని ఊడ్చే చప్పుడు ఆకుల్ని ఊడ్చే చప్పుడులా ఉండదు.

ఒకరోజు అది మా తోటలోకి వెళ్ళి, పుల్లతో మా చెట్టు పాదు తవ్వి చూసింది. మోచేతి లోతున కూడా చెమ్మ లేదు. నా దగ్గరికొచ్చి కూర్చుంది. చేతికి మట్టి అలాగే ఉంది.

"మీ చెట్లు నన్ను చూస్తున్నాయక్కా" అంది.

చెట్లు ఎక్కడైనా చూస్తాయా అన్నాను. నిజానికి నాకేమీ అనిపించలేదు. ఆ వేసవంతా నాకు ఒకటే లెక్క. అది ఇక్కడ ఉంది. అది చాలు అనుకున్నాను. తలుపులు వేశానో లేదో చూసుకోవడం, గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడం కూడా ఆ వేసవి తగ్గింది.

కోతలొచ్చాయి. కోతల రోజుల్లో మా ఊళ్ళో పై తొక్క ఒలిచే చప్పుడుతో తెల్లారుతుంది. ఆ ఏడు మా పెరట్లో ఒక్క గోనెపట్టా పరిస్తే సరిపోయింది. మా తోట కాయలు కోశాం. పండిన పిస్తా పెంకు చీలి నవ్వినట్టుంటుంది. మావి నవ్వలేదు. కొట్టి చూస్తే లోపల తాలు. కానీ కొమ్మల చివర వచ్చే ఏటి మొగ్గలు నిలబడి ఉన్నాయి. కింది తోటలో మొగ్గలు వేలితో తాకితే పొడి అయిపోయాయి. సగానికి పైగా చెట్లు ఇక లేవవని చూడగానే తెలిసింది. ఖుద్రత్ చాకుతో ఒక కొమ్మ గీకి, బెరడు కింద గోధుమరంగు చూసి, చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా కొమ్మలు గీకలేదు.

రెండిళ్ళ వాళ్ళం కలిసి భోజనానికి కూర్చున్న రోజు మా ఆయన, వచ్చే ఏడు కూడా నీళ్ళు కిందికే అన్నాడు. ఉన్న చెట్లనైనా నిలబెట్టుకుందామని, పోయినవాటి చోట కొండ గింజ వేద్దామని అన్నాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఖుద్రత్ చెయ్యి కంచంలో ఆగింది.

"అన్నా, ఒక ఏడు తీసుకున్నాను. నా చెట్లు బతుకుతాయనుకుని తీసుకున్నాను. ఇప్పుడు తెలిసి తెలిసి నీ నీళ్ళు ఎలా తాగను?"

"తాగేది నువ్వు కాదు. చెట్లు."

"అవీ తాగట్లేదన్నా."

అన్నం చల్లారిపోతోంది తినండని బీబీ అంది. తిన్నాం. దాంగాన్ ఆసామి మళ్ళీ కబురు పెట్టాడని, తను ఒప్పుకున్నానని ఖుద్రత్ తినడం అయ్యాక చెప్పాడు. నీళ్ళు ఇవ్వకపోయి ఉంటే అతను కోపంతో వెళ్ళేవాడు. ఇచ్చినందుకు సిగ్గుతో వెళ్ళాడు. కోపంతో వెళ్ళినవాళ్ళని బతిమాలి వెనక్కి తేవచ్చు. సిగ్గుకి ఏం చెప్పాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు నొస్రత్‌తో మాట్లాడాను. పై తోట రెండిళ్ళకీ ఉంచుకుందాం, ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తిన్నట్టే తిన్నాం కదా, ఖుద్రత్ వెళితే వెళ్ళి సంపాదించుకుని రానీ, నువ్వు ఉండు అన్నాను. వసంతంలో పేర్చుకున్న మాటలే కొన్ని ఇందులోకి పనికొచ్చాయి.

అది కాసేపు గింజలు వలిచింది.

"రోజూ ఆ చెట్ల కింద నడవాలక్కా. నువ్వైతే నడుస్తావా?"

నేను ఆలోచించాను. నడవలేనని తెలిసింది.

చలి మొదలైన నెలలో, ఒక పొద్దున, పికప్పు బండి వచ్చింది. రెండు పరుపులు, సమోవార్, ఒక పెట్టె, ఖుద్రత్ అంటు కత్తులు. బీబీ ఖురాన్ ఎత్తి పట్టుకుంటే కిందనుంచి ఇద్దరూ వంగి వెళ్ళి బండెక్కారు. బీబీ చేతులు నొప్పెట్టి, ఇంకా ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే తొందరగా వెళ్ళండి అంది. ఖుద్రత్ నవ్వాడు. అన్నదమ్ములు కౌగిలించుకున్నప్పుడు ఇద్దరి చూపూ చెరో పక్కకి ఉంది.

నేను రాగి గిన్నెలో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. వెళ్ళేవాళ్ళ వెనక దారిలో నీళ్ళు చల్లాలి, తిరిగి వస్తారని. నా కూతుళ్ళు వెళ్ళినప్పుడు చల్లాను. వాళ్ళు ఏడాదికోసారి వస్తారు. గిన్నె నిండా పట్టుకొచ్చాను, తొణక్కుండా రెండు చేతులతో పట్టుకున్నాను. బండి కదలబోతుంటే నొస్రత్ ఆపమని దిగింది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, దారి దాటి, పై తోట మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళి పాదులో పోసింది. వంగి, ఆఖరి చుక్కదాకా పోసింది.

"దారికెందుకక్కా" అంది. ఖాళీ గిన్నె నా చేతికిచ్చి బండెక్కింది.

లోపలికెళ్ళి ఇంకో గిన్నె తేవాలనుకున్నాను. కుండ వంటింట్లో ఉంది. నాలుగడుగులు వేసేసరికి బండి మలుపు తిరిగింది. గిన్నె కడిగి బోర్లించాను. తర్వాత వంట చేశాను.

మరుసటి ఏడు నీళ్ళన్నీ పై తోటకి వచ్చాయి. కాయలు నవ్వాయి. మరీ ఎక్కువ కాదు, ఇల్లు గడిచేటంత. కింది తోట చెట్లు కొట్టించి పొయ్యిలోకి వాడుకున్నాం. కొన్నాళ్ళు పొయ్యి జిగురు వాసన వేసింది. కోతలవగానే దాంగాన్‌కి ఒక సంచి పిస్తా పంపేవాళ్ళం. ఖుద్రత్ అక్కడ కొండ గింజ మీదే అంటు కడుతున్నాడని ఫోనులో చెప్పాడు. వేరే గింజ ముట్టనని ఆసామితో ముందే చెప్పాడట. నొస్రత్ ఫోనులో పేపరు చదవమనేది. రెండు ముక్కలు చదివేదాన్ని. అవతల గాలి చప్పుడు. చావు కబుర్లు దాటవేసేదాన్ని.

వచ్చే నౌరూజ్‌కి వస్తానని ప్రతి ఏడూ అనేది. ఒక ఏడు మోకాళ్ళు. ఒక ఏడు మంచు పడి దారి మూసేశారు. బీబీ పోయినప్పుడు ఖుద్రత్ ఒక్కడే వచ్చి, నలభయ్యో రోజు దాకా ఉండి వెళ్ళాడు. పై తోటలోకి అడుగు పెట్టలేదు. మా ఆయన రమ్మనలేదు.

నొస్రత్ వెళ్ళిన ఆరో ఏట, చలి ముదిరే దేయ్ నెలలో, ఒక మంగళవారం పొద్దున దాంగాన్‌లో పోయింది. అక్కడే పాతిపెట్టారు. అది మళ్ళీ ఈ ఊరు రాలేదు.